'పోలీసు చర్య': పేరులోని భద్రత, అనుభవంలోని నీతి – ఐరోపా రాజనీతి చింతన నేపథ్యంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత స్మృతిరచనల పరిశీలన

వ్యాససంగ్రహం:
1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంపై భారత సైన్యం జరిపిన దండయాత్ర 'పోలీసు చర్య' అనే పేరుతో చరిత్రలో నిలిచింది. ఆ పేరు అప్పటి ఐరోపా వలసరాజ్యాల భద్రతా పరిభాషకు చెందినది. రాజ్యం తన బలప్రయోగానికి పెట్టుకున్న పేరుకూ, ఆ బలప్రయోగాన్ని అనుభవించిన ప్రజల మాటకూ మధ్య ఉన్న దూరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సైన్యం నడిచిన దారిలోని కోదాడ, సూర్యాపేటలతోపాటు మిర్యాలగూడ ప్రాంతానికి, పొరుగు ఉద్యమ ప్రాంతాలకు సంబంధించిన స్మృతిరచనలు ఇందుకు ఆధారం. రాజ్యనీతిని గురించి మాక్స్ వేబర్, ఇ.హెచ్.కార్ వంటివారు చేసిన ఆలోచనను ఆ రచనలకు కొలబద్దగా కాక, వాటి ఎదుట నిలబెట్టి చూడటం ఇక్కడి పద్ధతి.

కీలకపదాలు: పోలీసు చర్య, భద్రతా వ్యూహం, రాజనీతి, ఆపద్ధర్మం, తెలంగాణ సాయుధ పోరాటం, స్మృతిరచన, నల్లగొండ.

1. ఉపోద్ఘాతం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి పలు దిక్కులనుంచి ప్రవేశించింది. ప్రధాన దళం షోలాపూరు వైపునుంచి మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి నాయకత్వంలో కదిలింది. తూర్పున విజయవాడ దారిలో వచ్చిన దళానికి ఎ.ఎ.రుద్ర నాయకుడు. ఆ దళం మొదటిరోజు ఉదయానికే కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. సూర్యాపేట దగ్గర ప్రతిఘటన ఎదురైంది. విమానదాడుల తర్వాత 15న గూర్ఖా సైనికులు పట్టణాన్ని ఆక్రమించారు. వెనుదిరిగిన నిజాం బలగాలు మూసీ వంతెనను పేల్చివేశాయి. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు.

ట్యాంకులు, యుద్ధవిమానాలు, మందుపాతరలు, కూలిన వంతెన ఉన్న ఈ వృత్తాంతంలో పోలీసులు మాత్రం కనిపించరు. అయినా సైనిక పత్రాల్లోని 'ఆపరేషన్ పోలో' కంటే 'పోలీసు చర్య' అనే మాటే ప్రజల్లోకి వెళ్లింది. నల్లగొండ పల్లెల్లో అది 'పోలీసాక్షన్' అనే ఒకే పదంగా మారి, కాలాన్ని కొలిచే గుర్తయింది. 'పోలీసాక్షన్‌కు ముందటి సంగతి', 'పోలీసాక్షన్ అయిన ఏడాది పుట్టినోడు' అన్నప్పుడు పెద్దలు చెబుతున్నది ఒక న్యాయసూత్రం కాదు, ఒక కరువు లేదా ఒక వరద వంటి గుర్తు. పండితుల చర్చల్లో మాత్రం ఆ మాటకు ఇంత అమాయకత్వం లేదు. అది ఎక్కడినుంచి వచ్చింది, ఏ పని చేయడానికి వచ్చింది అన్న ప్రశ్న తెలుగు సాహిత్య విమర్శలో తగినంతగా చర్చకు రాలేదు.

సంస్థానపు సరిహద్దు సంగతి ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. కోదాడ నైజాం నేల. దాన్ని దాటి సూర్యాపేట వైపు పోతే వచ్చే మునగాల పరగణా మాత్రం చుట్టూ నైజాం ఇలాకా ఉన్నా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణాజిల్లాకు చెందిన ముక్క. కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన సంస్థానం అదే. అంటే విజయవాడ నుంచి వచ్చిన సైన్యం 'పరదేశం'లోకి ప్రవేశించి, కొన్ని మైళ్ల తర్వాత మళ్లీ 'స్వదేశం'లో అడుగుపెట్టి, మరలా 'పరదేశం'లోకి వెళ్లింది. ఆ దారిలోని రైతుకు చేను మారినప్పుడల్లా రాజ్యం మారేది. ఏది అంతర్గతం, ఏది అంతర్జాతీయం అని న్యాయవేత్తలు పారిస్‌లో వాదించుకుంటున్న రోజుల్లో ఆ వాదం ఎంత పలుచనిదో చెప్పడానికి ఈ ఒక్క దారి చాలు.

2. పేరు వచ్చిన దారి

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇండోనేషియాను తిరిగి లోబరచుకోవడానికి డచ్చి ప్రభుత్వం రెండు భారీ సైనికదాడులు చేసింది. మొదటిది 1947 జూలై–ఆగస్టుల్లో, రెండోది 1948 డిసెంబరు 19న మొదలై 1949 జనవరి దాకా. రెండింటికీ అది పెట్టిన పేరు 'పోలీసు చర్యలు'. ఆ పేరులో ఒక న్యాయవ్యూహం ఉంది. ఐక్యరాజ్యసమితి శాసనపత్రంలోని రెండో అధికరణం ఒకవైపు రాజ్యాలు పరస్పరం బలం ప్రయోగించరాదని చెబుతూ, మరోవైపు ఒక రాజ్యపు అంతర్గత విషయాల్లో సమితి జోక్యం చేసుకోరాదని చెబుతుంది. యుద్ధం అంటే మొదటి నియమం కిందికి వస్తుంది. పోలీసు పని అంటే రెండో నియమపు నీడలో నిలబడవచ్చు. ఒక్క పేరుతో రాజ్యం తన చర్యను విచారణకు అందనంత దూరానికి జరుపుకుంటుంది.

ఈ పద్ధతి ఒక్క డచ్చివారిదే కాదు. 1948 జూన్‌లో మలయాలో బ్రిటిష్ ప్రభుత్వం ప్రారంభించిన పన్నెండేళ్ల పోరును 'ఎమర్జెన్సీ' అన్నారు. అల్జీరియాలో ఫ్రాన్సు చేసినది చాలాకాలం 'శాంతిభద్రతల పరిరక్షణ' మాత్రమే. దాన్ని యుద్ధమని ఫ్రెంచి చట్టం ఒప్పుకున్నది 1999లో.

భారతదేశం ఈ వ్యవహారంలో రెండువైపులా కనిపించడం గమనార్హం. 1947 జూలై 30న ఇండోనేషియా ప్రశ్నను భద్రతామండలికి తీసుకువెళ్లిన దేశాల్లో భారతదేశం ఒకటి, రెండోది ఆస్ట్రేలియా. డచ్చి రెండో దాడిని ఖండించడానికి 1949 జనవరిలో ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం జరిపినదీ భారతదేశమే. ఈ రెంటికీ నడుమ, 1948 సెప్టెంబరులో, అదే పేరుతో హైదరాబాదులోకి సైన్యం నడిచింది. ఆగస్టులో హైదరాబాదు ప్రభుత్వం భద్రతామండలికి చేసిన ఫిర్యాదు సెప్టెంబరు 16న పారిస్‌లో చర్చకు వచ్చింది. హైదరాబాదు స్వతంత్ర రాజ్యం కాదు కనుక ఫిర్యాదుకు అర్హతే లేదని భారత ప్రతినిధి రామస్వామి మొదలియారు వాదించారు. జకార్తా విషయంలో డచ్చివారు ఎత్తుకున్న వాదానికి ఇది దగ్గరి చుట్టం. నిజాం సెప్టెంబరు 22న ఫిర్యాదు ఉపసంహరించుకోవడంతో వాదం తేలకుండానే ఆగింది.

ఈ పోలికను ఎంతవరకు తీసుకువెళ్లవచ్చు? ఇండోనేషియాలో బలం ప్రయోగించినది సముద్రాలు దాటి వచ్చిన వలసరాజ్యం. హైదరాబాదులో ఎవరిపై ప్రయోగించారో ఆ ప్రభుత్వానికే ప్రజాప్రాతినిధ్యం లేదు. రజాకార్ల దౌర్జన్యం కింద నలుగుతున్న జనంలో చాలామంది ఆ సైన్యంకోసం ఎదురుచూశారు. ఈ తేడాను చెరిపేసే విమర్శ విమర్శే కాదు. కానీ తేడా ఉన్నది సందర్భంలో. పేరు చేసిన పని మాత్రం రెండుచోట్లా ఒకటే: జరిగినదాన్ని విచారణ అవసరంలేని చర్యగా నిలపడం. ఇంత మేరకు అంగీకరిస్తే, 'విముక్తి న్యాయమైనదే' అంటూనే 'ఆ పేరు న్యాయమైనది కాదు' అనడానికి వీలవుతుంది. తెలుగులో ఈ రెండు మాటలూ కలిపి అన్నవారు తక్కువ.

3. రాజ్యనీతి: పడమటి ఆలోచన, మన ఆపద్ధర్మం

బలవంతుడు తనకు వీలైనది చేస్తాడని, బలహీనుడు భరించవలసినది భరిస్తాడని మెలోస్ దీవి వారికి ఏథెన్సు దూతలు చెప్పినట్లు థూసిడిడీస్ చరిత్రలో ఉన్న ఘట్టం ఐరోపా రాజనీతి చర్చలకు తొలిమెట్టు. మాకియవెల్లి దానికి పాలకుడి దృష్టిని ఇచ్చాడు. రెండు ప్రపంచయుద్ధాల మధ్యకాలంలో ఆ చర్చ ముదిరింది. 1919లో మ్యూనిక్‌లో చేసిన ప్రసంగంలో మాక్స్ వేబర్ రాజకీయానికి రెండు నీతులను చెప్పాడు: నమ్మిన విలువకు ఫలితంతో నిమిత్తం లేకుండా కట్టుబడే విశ్వాసనీతి, తన చర్యకు రాగల ఫలితాలన్నిటికీ జవాబు చెప్పుకునే బాధ్యతానీతి. 1939లో వెలువడిన 'ఇరవై ఏళ్ల సంక్షోభం' గ్రంథంలో ఇ.హెచ్.కార్ మరొక మాట చేర్చాడు: అంతర్జాతీయ నీతి పేరుతో బలమైన దేశాలు చెప్పేవి తరచు వాటి ప్రయోజనాలే. దశాబ్దాల తర్వాత ఓలే వేవర్, బ్యారీ బుజాన్ మొదలైన కోపెన్‌హాగెన్ పండితులు చెప్పిన 'భద్రతీకరణ' సిద్ధాంతం భాషావిద్యార్థికి మరింత దగ్గరది. భద్రత అనేది ముందుగా ఒక వాక్కు. ఒక విషయాన్ని 'ప్రమాదం' అని ప్రకటించడమే మామూలు నియమాలను పక్కన పెట్టడానికి అనుమతి అవుతుందని దాని సారం.

తెలుగు పాఠకుడికి ఈ చర్చ కొత్తది కాదు. శాంతిపర్వంలో భీష్ముడు రాజధర్మాన్ని చెప్పి, ఆ వెంటనే ఆపద్ధర్మాన్ని వేరుగా చెబుతాడు. తిక్కన దాన్ని తెలుగు చేశాడు. ఆపదలో చేయదగినది మామూలు వేళ చేయదగినది కాదని, ఆపద తీరాక తిరిగి ధర్మంలోకి రావాలని ఆ విభజనలోనే ఉంది. మరి ఆపద తీరిందని ఎవరు చెప్పాలి? రాజు చెప్పకపోతే ఏమవుతుంది? నల్లగొండలో 1948 తర్వాత మూడేళ్లపాటు జరిగినది ఈ ప్రశ్నకు వచ్చిన జవాబే.

4. ఇద్దరు ప్రభువుల కంటికి ఒకే ప్రమాదం

హైదరాబాదు ఉదంతంపై రాజ్యం పక్షాన వచ్చిన రచనల్లో మూడు ముఖ్యం. వి.పి.మీనన్ సంస్థానాల విలీనగాథ (1956), ఏజెంటు జనరల్‌గా హైదరాబాదులో ఉన్న కె.ఎం.మున్షీ జ్ఞాపకాలు (1957), నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ రాసిన 'హైదరాబాదు విషాదం' (1962). మూడింటి పక్షాలు వేరు, శైలులు వేరు. ఒక్క విషయంలో మూడూ కలుస్తాయి: మూడూ గదుల్లో జరిగిన కథలు. చర్చలు, లేఖలు, షరతులు, విందులు, అలకలు. ఆ గదులకు నూరు మైళ్ల లోపున భూమికోసం జనం ప్రాణాలొడ్డుతున్న నల్లగొండ వాటిలో ఒక 'శాంతిభద్రతల సమస్య'గా మాత్రమే తలుపు తడుతుంది.

భద్రతీకరణకు ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు. ఆంధ్రమహాసభ పేరుతో సాగిన రైతాంగ ఉద్యమం నిజాంకు ప్రమాదం. భారత ప్రభుత్వానికీ ప్రమాదమే. 1948 మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తివేసినప్పుడు, రజాకార్లూ కమ్యూనిస్టులూ కలిసిపోయారన్న ఆరోపణ ఢిల్లీ వాదనలో ఒక ఆయుధమైంది. రజాకార్ల చేతుల్లో ఎక్కువగా నష్టపోయిన పల్లెలు ఆ ఉద్యమానివే అన్న వాస్తవం ఆ వాదనకు అడ్డు రాలేదు. యుద్ధం అయిదు రోజుల్లో ముగిసింది. రజాకార్ల ప్రమాదం పోయింది. సైన్యం మాత్రం నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లోనే ఉండిపోయింది. చౌధురి సైనిక గవర్నరుగా 1949 చివరిదాకా పాలించారు. ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్షలు విధించాయి. నల్ల నరసింహులు వంటివారి ఉరిశిక్షల రద్దుకోసం దేశవిదేశాల్లో ఆందోళన జరిగింది. బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్.ప్రిట్ 1951లో సుప్రీంకోర్టుకు వచ్చి వాదించారు. ఐరోపానుంచి 'పోలీసు చర్య' అనే మాట ఒక్కటే రాలేదు, దాన్ని ప్రశ్నించే గొంతు కూడా వచ్చిందని ఇక్కడ గుర్తించాలి.

5. దళం లోపలి వాదం

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్ర (1972)నూ, రావి నారాయణరెడ్డి అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చదవడం తెలుగు పరిశోధకుడికి మంచి శిక్షణ. ఇద్దరూ ఒకే పోరాటానికి నాయకులు. యూనియన్ సైన్యం వచ్చాక ఆయుధాలు దించాలా వద్దా అన్నచోట ఇద్దరూ విడిపోయారు. నిజాం పోయాక పోరాటపు స్వభావం మారిందని, ఒక పెద్ద దేశపు సైన్యంతో, దానిపై జనానికి ఇంకా నమ్మకం ఉన్న వేళ, పోరు కొనసాగించడం ప్రజలను బలిపెట్టడమేనని రావి నారాయణరెడ్డి పక్షం. దున్నేవాడి చేతికి వచ్చిన భూమిని దేశ్‌ముఖులు సైన్యం వెంట తిరిగివచ్చి లాక్కుంటుంటే, ఆ భూమిని కాపాడకుండా తుపాకీ దించడం రైతుకు ద్రోహమని సుందరయ్య పక్షం. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేదాకా ఈ వాదం నడిచింది.

దీన్ని వేబర్ చెప్పిన రెండు నీతుల మధ్య వాదంగా చూడాలనే ఆకర్షణ బలమైనది. రావి వారిది బాధ్యతానీతి, సుందరయ్యది విశ్వాసనీతి అని సులువుగా అనేయవచ్చు. రచనలు దానికి లొంగవు. సుందరయ్య లెక్కలు వేసే మనిషి. మూడువేల గ్రామాలు, పదిలక్షల ఎకరాల పంపిణీ, నాలుగువేల మంది మరణం, పదివేలకు మించిన నిర్బంధాలు అని ఫలితాన్ని అంకెల్లో తూచి చూపుతాడు. పోరు కొనసాగింపును ఆయన సమర్థించేది ఫలితాల ఆధారంగానే: ప్రతిఘటన లేకపోతే భూసంస్కరణల మాటే పుట్టేది కాదని. రావి నారాయణరెడ్డి వాదంలోనూ ఫలితపు లెక్కతోపాటు జనాన్ని మోసగించకూడదన్న విశ్వాసం ఉంది. రాజ్యాన్ని నడిపే ఒక్క పాలకుణ్ణి ఎదుట పెట్టుకుని వేబర్ గీసిన గీత, రాజ్యం లేనివారి మధ్య జరిగిన వాదానికి సరిపోదు. భద్రత ఎవరిది అన్న ప్రశ్న వేబర్‌కు లేదు. అక్కడ అది రాజ్యానిదే. ఇక్కడ అది చేనుది, గింజది, దళానిది, ఊరిది.

కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' ఈ ప్రశ్నను మరొక దిక్కునుంచి తెస్తుంది. తల్లి చదవమన్న గోర్కీ 'అమ్మ', వెట్టివారికి ఇంటి గింజలు పంచిన చిన్నతనం, దళనాయకత్వం, తలపై పదివేల రూపాయల వెల. రష్యా నవలొకటి సూర్యాపేట తాలూకా గడీవంటి ఇంట్లో చేసిన పని, పారిస్‌లోని చర్చలకంటే లోతైనది. ఆమె కథనంలో నీతి సిద్ధాంతంగా రాదు. ఎవరి ఇంట తిన్నాం, ఎవరు దాచారు, ఎవరు చెప్పేశారు అనే తబిసీలుగా వస్తుంది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి తర్వాతికాలంలో మిర్యాలగూడ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. తుపాకీ పట్టిన నేలే ఓటు వేసిన నేల. ఏ భద్రతా సిద్ధాంతమూ 'ఉగ్రవాది'కీ 'ప్రతినిధి'కీ మధ్య ఇంత తక్కువ దూరం ఉంటుందని ఊహించి రాసినది కాదు.

ఉద్యమాన్ని ఎంతగా గౌరవించినా విమర్శకుడు దాటవేయకూడని చోటు ఒకటుంది. దళానికీ భద్రత కావాలి. దానికీ ఆపద్ధర్మం ఉంది. స్త్రీశక్తి సంఘటన సేకరించిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986)లో కమలమ్మ కథనం దీనికి సాక్ష్యం. అడవిలో దళంతో తిరుగుతున్న తల్లి, పసిబిడ్డ ఏడుపు దళాన్ని పట్టిస్తుందన్న భయంతో బిడ్డను వదులుకోవలసి వచ్చింది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడం చదివేవారి పని కాదు. ఆమె కూడా చెప్పదు. గమనించవలసింది ఆ సంగతి ఏ పుస్తకంలో ఉందన్నది. పోరాటపు అధికారిక చరిత్రల్లో త్యాగాల పద్దులో ఒక వరుసగా కలిసిపోయేది, ఇక్కడ ఒక తల్లి గొంతులో ఆగి ఆగి వస్తుంది. రాజ్యం తన హింసకు 'చర్య' అని పేరు పెట్టినట్లే, ఉద్యమం తన లోపలి హింసకు 'త్యాగం' అని పేరు పెట్టింది. రెండూ సమానం కావు. రెండు పేర్లూ ఒక అడ్డుతెరను వేస్తాయన్నది మాత్రం నిజం, ఆ తెర వెనుకకు చూడటానికి స్త్రీల నోటిమాటలు రికార్డయ్యేదాకా ఆగవలసి వచ్చింది.

6. రెండు పుస్తకాలు కలవని చోటు

సైనికచర్య తర్వాత ముస్లిం ప్రజలపై జరిగిన దాడులను విచారించడానికి పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన సంఘం 1948 చివర సంస్థానంలో పర్యటించింది. మృతులు 27 వేలనుంచి 40 వేల మధ్య ఉంటారని దాని అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయాయి. ఆ తర్వాతి శ్రేణిలో ఔరంగాబాదు, బీడు, మెదకులతోపాటు నల్లగొండ పేరు కూడా ఉంది. ఈ నివేదిక 2013లో గాని పాఠకులకు అందుబాటులోకి రాలేదు. 'పోలీసు చర్య' అన్న పేరు దాదాపు అరవై అయిదేళ్లు ఎంత బాగా పనిచేసిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగు స్మృతిరచనలు ఈ విషయంలో ఏమంటున్నాయి? ఉద్యమ ప్రాబల్యం ఉన్న గ్రామాల్లో ముస్లింలపై దాడులు జరగకుండా పార్టీ కాపాడిందని సుందరయ్య గ్రంథం చెబుతుంది. దొరకు వ్యతిరేకంగా హిందూ ముస్లిం పేదలు కలిసి నిలిచిన ప్రాంతం కనుక ఆ మాటను కొట్టిపారేయలేం. సుందర్‌లాల్ నివేదికలో నల్లగొండ పేరు ఉండటాన్నీ కొట్టిపారేయలేం. ఏ ఊళ్లు కాచుకున్నాయి, ఏ ఊళ్లు కాచుకోలేదు, సైన్యం నడిచిన బాట పక్కన ఒకటి, ఉద్యమం నిలిచిన లోపలి పల్లెల్లో మరొకటి జరిగిందా అన్నది ఊరూరా పరిశోధించవలసిన విషయం. దాశరథి రంగాచార్య 'జనపదం' ఈ కాలాన్నే వస్తువుగా తీసుకున్న నవల. దాన్ని భూమి ప్రశ్న కోణంలో చదివినంతగా ఈ కోణంలో చదవలేదు.

డచ్చి దేశం ఈ పనిని ఎలా చేసిందో చూడవచ్చు. ఇండోనేషియాలో జరిగిన హింసపై మూడు పరిశోధన సంస్థలు కొన్నేళ్లు పనిచేసి, డచ్చి సైన్యం హద్దులేని హింసను వ్యాప్తంగా వాడిందని 2022 ఫిబ్రవరిలో తేల్చాయి. ఆ రోజే ప్రధాని మార్క్ రుట్టె క్షమాపణ చెప్పాడు. పేరు పెట్టిన డెబ్బై అయిదేళ్లకు ఆ పేరును తీసేసి చూడటం వారికి సాధ్యమైంది. ఐరోపానుంచి మాటను అరువు తెచ్చుకున్నవారు ఆ మాటపై జరిగిన పునర్విచారణను మాత్రం తెచ్చుకోలేదు.

ఇక్కడ జరుగుతున్నది పేర్ల మార్పు. సెప్టెంబరు 17ను విమోచన అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అన్న వాదం ఏటా లేస్తుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాదు విమోచన దినంగా, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా ఒకే రోజును ఒకే నగరంలో వేరువేరుగా జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రజాపాలన దినోత్సవం చేసింది. ఈ పేర్లన్నీ రాజధానిలో పుట్టినవి. కోదాడ నుంచి సూర్యాపేట దాకా, అక్కడినుంచి పక్కకు తిరిగి మిర్యాలగూడ దాకా ఉన్న ఊళ్లలో ఆ ఏటిని చూసినవారు కొద్దిమందే మిగిలి ఉన్నారు. వారిలో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి, పోరాటపు ఇళ్లున్నాయి, గడీ ఇళ్లున్నాయి. ఒకే ఊరిలోని ఈ మూడు ఇళ్ల మాటలనూ ఒకేచోట చేర్చి, 'పోలీసాక్షన్' అన్నప్పుడు ఒక్కొక్కరు ఏ రోజును తలచుకుంటున్నారో అడిగి రాసుకునే క్షేత్రపరిశోధనకు ఇంకా కొన్నేళ్ల వ్యవధి మాత్రమే ఉంది.